వెంట వచ్చిన పిల్ల

"అమ్మా, దిగు. రేపల్లె వచ్చేసింది."

వేదవతి ఉలిక్కిపడింది. రైలు పెట్టె ఖాళీగా ఉంది. ఎదురుగా ఎనిమిదేళ్ల కూతురు హైమ నిలబడి ఉంది. పొద్దున తెనాలిలో, తమ ఇంట్లో, కిరసనాయిలు స్టవ్వు మీద పాలు పెట్టడం వరకే ఆమెకు గుర్తుంది. రైలు ఎప్పుడెక్కిందో తెలియదు.

"తమ్ముడేడే?" అంది.

"పక్కింటి అబీదా పిన్నికిచ్చొచ్చా. స్టవ్వు కూడా ఆపేశా."

"మనం ఇక్కడికెందుకొచ్చాం?"

"ఏమో. పిలిస్తే పలకలేదు నువ్వు. నేనెవరో తెలీనట్టు చూసి వెళ్లిపోతుంటే వెంట వచ్చా."

వేదవతి ఇలా గంటలకు గంటలు తనలోంచి తాను మాయమైపోవడం తనకొక్కదానికే తెలుసని ఇన్నాళ్లూ అనుకుంది.

"భయమేయలేదా తల్లీ?"

"మొదటిసారి వేసింది."

ఎన్నిసార్లయిందని అడగడానికి వేదవతికి ధైర్యం చాలలేదు. అయినా అడిగింది.

హైమ తల వంచుకుంది. "నాన్నకి చెప్పన్లేమ్మా. ఎప్పుడూ చెప్పలేదు."

వేదవతి కూతురి చెయ్యి పట్టుకుని రైలు దిగింది.

"ఇవాళ చెప్పేద్దాం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమందాం. నువ్వు బడి మాని నా వెంట తిరిగింది చాలు."

అంతదాకా నిబ్బరంగా ఉన్న హైమ అప్పుడు ఏడ్చింది.