బావ ఇచ్చిన సెన్సరు

"ఎంతుంది?" కారు కింద గుంతలోంచి అడిగాడు నౌమ్.

"పందొమ్మిదిన్నర."

"ఇరవై ఒకటి రావాలి కదా బావా."

"రావాలి."

"రాదు. నీ కొట్టులో అమ్ముడుపోని సరుకు నాకు అంటగట్టావు."

గుంత అంచున మీటరు పట్టుకుని కూర్చున్న త్రాయ్చెకి చివుక్కుమంది. విడిభాగాల కొట్టుకి కొత్తగా వచ్చిన సెన్సర్లలో మంచిది ఏరి, బామ్మర్ది కోసం దాచి తెచ్చాడు.

పొగ గొట్టంలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెప్పే సెన్సరు అది. గొట్టానికి బిగించే ముందు ఉత్త గాలిలో వేలాడదీసి, గాలిలో ఉండాల్సినంత, అంటే నూటికి ఇరవై ఒకటి, చూపిస్తోందో లేదో సరిచూసుకోవాలి. అది తేలితే గానీ పెట్రోలు పాళ్లు కుదరవు. కుదరకుండా బయల్దేరితే కొండ సగం ఎక్కేసరికి ఇంజను మాడి కూర్చుంటుంది. రేపే కొండ రేసు. నౌమ్ ఏళ్ల తరబడి సొంత చేతులతో కూర్చుకున్న కారుకి అదే మొదటి పరుగు.

బయట ఈదురుగాలి. దుమ్ము పడుతుందని షెడ్డు తలుపులు మూసేశారు. ఈ ఏడు నేలమాళిగలో నీరు ఊరడంతో, వైను కోసం కొత్తగా తొక్కిన ద్రాక్ష పీపాలు కూడా షెడ్డులోకే చేరాయి. గుంత పక్కన అవి పులుస్తూ బుసబుసా పొంగుతున్నాయి.

నౌమ్ తల్లి స్తోయ్న తలుపు సందులోంచి తొంగి చూసింది. "కొవ్వొత్తి పెట్టుకున్నార్రా? మీ నాన్న పీపాలున్న చోటికి కొవ్వొత్తి లేకుండా అడుగు పెట్టేవాడు కాదు."

"ఆయన రోజుల్లో కరెంటు లేదమ్మా. ఇక్కడ ఇంత బల్బుంది, కనబట్టం లేదా?"

"బల్బు వచ్చాక కూడా పెట్టేవాడు. అది ఆరిపోతే చాలు, బయటికి వచ్చేసేవాడు. ఎందుకో నాకేం తెలుసు," అని గొణుక్కుంటూ, పొయ్యి మీద మిరపకాయలు మాడుతున్నాయని వెళ్లిపోయింది.

"ఇంకాస్త కిందికి దించు, స్థిమితంగా ఉంటుంది," అన్నాడు త్రాయ్చె.

నౌమ్ సెన్సరుని గుంత అడుగు దాకా వదిలాడు.

"ఇప్పుడు?"

"పద్దెనిమిది."

"ఇంకా తగ్గిందా? శభాష్. రేపు నా కారు వెనక్కి పరిగెడుతుంది."

"అలా రొప్పుతావేంట్రా? కొండెక్కేది కారా, నువ్వా?"

"రాత్రి తాగిన రకియా ఇంకా దిగలేదు. తల పగిలిపోతోంది." నౌమ్ గుంతలో చతికిలబడి సిగరెట్టు నోట పెట్టుకున్నాడు. లైటరు టిక్కుటిక్కుమంది గానీ అంటుకోలేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే.

"ఇదీ మీ కొట్టులో కొన్నదే," అని పైకి విసిరాడు.

త్రాయ్చె దాన్ని పట్టుకుని జేబులో వేసుకున్నాడు. ఇక ఊరుకోబుద్ధి కాలేదు. "ఉండు, నీ సంగతి తేలుస్తా. బయటికి తీసుకెళ్లి చూపిస్తాను. రా పైకి."

"నువ్వెళ్లు. నేను కాసేపు కూర్చుంటా."

త్రాయ్చె తీగ పట్టి సెన్సరుని పైకి లాగాడు. మీటరూ చిన్న బ్యాటరీ చంకన పెట్టుకుని బయటికొచ్చి, దుమ్ము లోపలికి పోకుండా తలుపు గట్టిగా మూశాడు. పెరట్లో ద్రాక్ష పందిరి కొమ్మకి సెన్సరుని వేలాడదీశాడు. అంకె మెల్లగా పెరిగింది. పందొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. అక్కడ కదలకుండా నిలబడింది.

"ఒరేయ్ నౌమ్, ఇరవై ఒకటి," తలుపు వైపు తిరిగి అరిచాడు. "నిక్షేపంలా ఉందిరా నా సెన్సరు. ఇప్పుడేమంటావ్?"

జవాబు లేదు.

త్రాయ్చెకి నవ్వొచ్చింది. ఓడినప్పుడల్లా నౌమ్ మూతి బిగించుకు కూర్చుంటాడని పెళ్లయిన కొత్తలోనే భార్య చెప్పింది. అక్కకి తెలియని తమ్ముడా. రేపు రేసుకి వెళ్లాల్సింది వాడే, అలక తీరాక వాడే వస్తాడు. ఒక సిగరెట్టు కాలేదాకా పలకరించకూడదని నిశ్చయించుకున్నాడు.

సిగరెట్టు నోట పెట్టుకుని, జేబు తడిమి, చేతికి తగిలిన నౌమ్ లైటరు తీశాడు.

ఒక్క నొక్కుకే వెలిగింది.