రెక్కకు అవతల

“ముందు సీట్లో బరువుకు ఇసుక బస్తానే పెడతారట,” అన్నాడు భర్త, రెక్కకు అవతలి నుంచి.

“అంటే నేను ఇసుక బస్తా కన్నా లోకువా?” అంది భార్య, రెక్కకు ఇవతలి నుంచి.

“బస్తా అయితే మాట్లాడదు కదా!”

ఆమె సూదిని కాస్త కసిగానే గుచ్చింది.

జంట రెక్కల ఆ చిన్న విమానం షెడ్డు మధ్యలో రెక్కలూడి కూర్చుని ఉంది. పాత గుడ్డ చీల్చి పారేసి, నాలుగు రెక్కలకూ కొత్త గుడ్డ తొడుగుతున్నారు. ఇది నాలుగోది. అంచు మీద నిలబెట్టేసరికి ఇద్దరి మధ్యా తెల్లటి గోడలా లేచింది. సూది మూరెడు పొడుగు. ఆమె ఇటు నుంచి గుచ్చితే అటు తేలుతుంది. అతను దారం బిగించి, లోపలి చెక్క ఈనెను చుట్టి వచ్చేలా మళ్ళీ ఇటు పంపుతాడు. ఆమె ముడి వేస్తుంది. మూడు వేళ్ళకో ముడి. ఒకరికొకరు కనబడరు. దారం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

“కుట్టింది నేను. నా కుట్టు గాలికి నిలుస్తుందో లేదో పైన కూర్చుని నేనే చూడాలి. పైలట్‌గారితో మీరొక్క మాట చెప్పలేరా?”

“నేనా? పైలట్‌గారితోనా? పోయిన నెల ముళ్ళు దూరదూరంగా పడ్డాయని నేను కుట్టిన రెక్క మొత్తం బ్లేడుతో కోసి పారేశారు, మర్చిపోయావా? కొత్త గుడ్డతో మొదటిసారి ఎగిరేటప్పుడు మనిషిని ఎక్కించనన్నారు. అయిపోయింది.”

పైలట్‌గారు కాదంటే ఆ షెడ్డులో ఇక కాదు. చిన్నా పెద్దా అందరికీ అక్కడ ‘పైలట్‌గారే’. మరో పిలుపు పిలిచే ధైర్యం ఎవరికీ లేదు.

“అయితే నేనిక మీతో మాట్లాడను, పొండి!”

భర్త జవాబుగా ఏదో అన్నాడు. సరిగ్గా అప్పుడే రేకుల మీద వాన విరుచుకుపడి ఆ మాటను మింగేసింది.

ఈసారి సూది కాస్త ఆలస్యంగా వచ్చింది. అలిగాడనుకుంది ఆమె. అలగనీ.

వాన వెలుతురులో గుడ్డ పాలమీగడలా మెరుస్తోంది. కిటికీలోంచి గాలి తగిలినప్పుడల్లా నిద్రలో ఊపిరి తీసినట్టు మెల్లగా ఉబ్బి, మెల్లగా తగ్గుతోంది. తెల్లటి నీళ్ళలోంచి చేపపిల్ల మూతి బయటపెట్టినట్టు సూదిమొన తేలుతోంది, మునుగుతోంది. ఆమె చేతులు ముళ్ళు వేస్తున్నాయి కానీ మనసు అప్పటికే మబ్బుల్లో ఉంది. అక్కణ్నుంచి ఈ షెడ్డు అగ్గిపెట్టెంత. పెరట్లో ఆరేసిన దుప్పటి తపాలా బిళ్ళంత. చెవుల పక్క గాలి. ఆ గాలిని మోస్తూ తన ముళ్ళు.

మాట్లాడనన్న పంతం పది ముళ్ళ దాకా నిలిచింది.

“సరే, మీరు మాట్లాడక్కర్లేదు. అవునైతే దారం ఒకసారి లాగండి, కాదైతే రెండుసార్లు. నా కుట్టు బాగుందా?”

దారం ఒకసారి బిగిసింది.

ఆమె మొహం వెలిగిపోయింది. “నిజంగా? పైలట్‌గారి కుట్టు కన్నా కూడానా?”

ఈసారి రెండుసార్లు, చెయ్యి గుంజుకుపోయేటంత గట్టిగా.

ఆమె పకపకా నవ్వింది. “అబ్బ! ఎదురుగా లేకపోయినా అంత భయమా! పోనీ ఇది చెప్పండి. ఎక్కితే నాకేమైనా అవుతుందని భయమా?”

ఒకసారి. నెమ్మదిగా.

ఆమె నవ్వు ఆగిపోయింది. చెంప గుడ్డకు ఆనించింది. చల్లగా, కొత్త వాసన వేస్తోంది.

“నాకూ భయమేనండీ. కానీ నా చేతి కుట్టును నమ్మి పైలట్‌గారొక్కరే అంత ఎత్తుకు వెళ్తుంటే, కింద నిలబడి నేను చేతులూపాలా? అది నా వల్ల కాదు. ఏదైనా అయితే ఇద్దరికీ కావాలి. ఏమీ కాకపోతే ఆ సంతోషమూ ఇద్దరికీ కావాలి. తప్పా?”

వాన తగ్గి, చూరు నుంచి బొట్లు ఒక్కొక్కటే పడుతున్నాయి.

“చెప్పండీ. నేను ఎక్కొచ్చా?”

దారం ఒక్కసారి బిగిసింది.

ఇంకోసారి కూడా బిగుస్తుందేమోనని ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. బిగియలేదు.

“మా బంగారమే!” అంటూ షెడ్డంతా వినబడేలా చప్పుడు చేస్తూ గుడ్డ మీద ముద్దు పెట్టింది. “అందిందా?”

చాలాసేపటికి దారం ఒకసారి కదిలింది.

“దారం ఉండకని అవతలి తలుపులోంచి వెళ్ళి వానలో చిక్కుకున్నాను. ఒక్క నిమిషంలో వస్తానన్నాను, విన్నావా?” అంటూ ఆమె వెనక ఉన్న తలుపులోంచి భర్త వచ్చాడు, నిలువునా తడిసిపోయి.

ఆమె భర్తను చూసింది. రెక్కను చూసింది. తన చేతిలోని దారాన్ని చూసింది. అది ఇంకా బిగుతుగానే ఉంది.

రెక్క అంచు చుట్టి పైలట్‌గారు ఇవతలికి వచ్చారు. భర్త చేతిలోని దారం ఉండ జారిపడి, దొర్లుకుంటూ విమానం కిందికి పోయింది.

“పైలట్‌గారూ... మీరని తెలీదండీ... ఆయనే అనుకుని...” ఆమె మొహం చెవుల దాకా ఎర్రబడింది.

పైలట్‌గారు ముళ్ళ వరుసను ఈ చివర నుంచి ఆ చివరిదాకా వేలితో తడుముతూ వెళ్ళారు. వేలు ఎక్కడా ఆగలేదు.

“శనివారం పొద్దున్నే, గాలి లేవకముందు. జుట్టు గట్టిగా ముడేసుకుని రా,” అన్నారు.

“వస్తానండీ పైలట్‌గారూ! తప్పకుండా వస్తానండీ పైలట్‌గారూ!”

“అంతేసి ముద్దు పెట్టాక ఇంకా పైలట్‌గారేమిటే? అత్తయ్యా అను.”