బానపొట్ట మనిషి

తలుపు మళ్ళీ చప్పుడైంది.

కుట్టుమిషను ముందున్న ఆమె దారం కొరికి, విసుక్కుంటూ లేచింది.

గుమ్మంలో అతనే. మనిషి కంటే ముందు పొట్ట వచ్చే మనిషి. మనసులో ఆమె అతనికి పెట్టుకున్న పేరు బానపొట్ట.

"తమ్ముడు లేచాడా చెల్లెమ్మా? అలా కాస్త నడిచొస్తాం."

"ఆదివారం కూడానా?"

"గుండెకి ఆదివారం ఏముంది చెల్లెమ్మా, అది సెలవు పెట్టదుగా!"

తన మాటకి తనే నవ్వుకున్నాడు. ఆమె నవ్వలేదు.

లోపల భర్త మంచం మీద కూర్చుని చొక్కా తొడుక్కుంటున్నాడు. వారమంతా లాండ్రీలో తడి దుప్పట్లు ఎత్తి ఎత్తి వచ్చిన ఒళ్ళు. ఎండుపుల్లలా ఉంటాడు. చెప్పుల కోసం వంగితేనే ఆయాసపడ్డాడు.

"ఈ ఒక్క పూటైనా పడుకోకూడదూ?"

"పాపం, పిలుస్తున్నాడుగా" అన్నాడు భర్త, ఆమె మొహం చూడకుండా.

పోయినేడు దాకా భర్తదీ బానపొట్టదీ ఒకే లాండ్రీ. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు అక్కడికే వస్తాయి. మూటలు ఎత్తేవాళ్ళందరికీ రక్తపరీక్ష చేయించాలని యజమానికి ఉన్నట్టుండి బుద్ధి పుట్టింది. భర్తది బంగారంలా వచ్చింది. బానపొట్టది చక్కెర, కొవ్వు, అన్నీ హద్దు దాటి వచ్చాయి.

"దీనికి పరీక్ష ఎందుకు? చూస్తే చాలదూ!" అని లాండ్రీ అంతా నవ్వింది. ఉద్యోగం ఊడింది. ఇప్పుడెక్కడో గోదాముకి కాపలా.

అప్పటినుంచి భర్తకి జిగురులా అంటుకున్నాడు. పొద్దున్నే నడకకి తోడు. అప్పుడప్పుడూ డాక్టరు దగ్గరికి తోడు. రోగం అతనిది, తిరుగుడు ఈయనది.

ఆమె కళ్ళముందే భర్త నానాటికీ వాడిపోతున్నాడు. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. రెండు దిండ్లు ఉంటే గానీ నిద్ర పట్టడం లేదు. పగలంతా నిలబడే కాళ్ళు, ఆపైన ఈ నడక, వాచక ఏం చేస్తాయి అనుకుంది. ఆమెకు కావలసిందల్లా ఒక్కటే. తన మనిషికి కాస్త విశ్రాంతి.

ఒకరోజు నడక నుంచి తిరిగొచ్చి, బానపొట్ట గుమ్మంలోనే ఆగాడు.

"చెల్లెమ్మా, వంటలో ఉప్పు తగ్గించమ్మా. తీపి అసలే వద్దు."

ఇంక ఆమెకు ఒళ్ళు మండింది.

"ఎవరికండీ? జబ్బు మీది, పథ్యం మాకా? తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందట! మీ జబ్బు కోసం మా ఆయన రక్తం తోడెయ్యకండి. ఇంక ఈ గడప తొక్కకండి."

బానపొట్ట నవ్వు ఆగిపోయింది. భర్త వైపు తిరిగాడు.

"తమ్ముడూ, నువ్వైనా చెప్పు."

భర్త నేల చూపులు చూశాడు.

బానపొట్ట మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అంత లావు మనిషి చకచకా నడుస్తుంటే, ఆయాసమైనా లేదు మహానుభావుడికి అనుకుని తలుపు వేసింది.

పీడ విరగడైంది. భర్త ఆదివారాలు పొద్దెక్కేదాకా పడుకుంటున్నాడు. లేచాక మాత్రం మరింత అలసటగా ఉంటున్నాడు.

చలికాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం తడి దుప్పట్ల మూట మీదే కూలబడిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మెల్లగా చెప్పింది.

"గుండె బాగా నీరసించిపోయిందమ్మా. రక్తాన్ని తోడలేకపోతోంది, అందుకే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. చక్కెర చాన్నాళ్ళుగా ఉంది. మాత్రలు వేసుకునేవాణ్ణన్నారు, ఎందుకు మానిపించారు?"

"మాత్రలా? ఈయనకి చక్కెరేమిటండీ, ఇంత సన్నటి మనిషికి!"

"లావు మంచిదని కాదమ్మా. కానీ పైకి చూసి చెప్పలేం. కొందరు లావుగా ఉన్నా రక్తం శుభ్రంగా ఉంటుంది. కొందరు పుల్లల్లా ఉన్నా లోపల గుండె నలిగిపోతూ ఉంటుంది. ఇంక బరువు పనులు కుదరవు. ఉన్న గుండెని కాపాడుకోవడమే."

"లాండ్రీ పరీక్షలో బంగారంలా వచ్చిందండీ!"

డాక్టరమ్మకి అదేమిటో అర్థం కాలేదు. పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

ఆమె స్టూలు మీద చతికిలబడింది. కోపానికి కూడా ఓపిక లేదు.

"ఏ మాత్రలండీ?"

భర్త కళ్ళు తెరవలేదు.

"అతని దగ్గర ఉండేవి. నడకలో వేసుకునేవాణ్ణి."

"అతని మాత్రలు మీరు వేసుకోవడమేమిటి?"

"అతనికి ఏ జబ్బూ లేదే. ఆ పరీక్ష రోజు, నా రక్తం చూస్తే తీసేస్తారు తమ్ముడూ అని ఒకటే వణికాడు. నాకేమో పొగరు. ఈ ఎండుపుల్లలో ఏముంటుంది, నీ పేరు పిలిస్తే నేను లేస్తాలే అన్నాను. నా పేరు పిలిస్తే అతను లేచాడు."

ఆమె స్టూలు ముందుకి జరుపుకుంది.

"అయితే ఆ బంగారం..."

"అతనిది."

ఆమె లేచి చెప్పులు వేసుకుంది. "వెళ్ళి పిలుచుకొస్తానండీ. కాళ్ళు పట్టుకుంటాను."

"గోదాము మూసేశారు. ఊరొదిలి వెళ్ళిపోయాడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు."

"ఉద్యోగం పోయిన రోజైనా నిజం చెప్పలేకపోయారా?"

"చెప్తాననే లేచాను. చెయ్యి పట్టుకుని ఆపేశాడు." భర్త ఊపిరి కూడదీసుకున్నాడు. "నీ వెనక సంసారముంది తమ్ముడూ, నాది ఒక్క పొట్టే, కాస్త పెద్దదనుకో... అని నవ్వాడు."