నలభై ఎనిమిది వేల ఏడు వందల ముప్ఫై

సిలిండరు తిరిగిచ్చెయ్యాలి. కర్టెన్లు విప్పాలి. పాలవాడికి చెప్పాలి. పుస్తకాలు లైబ్రరీకి పంపాలి. ఆయన కళ్ళజోళ్ళు ఎవరికైనా ఇవ్వాలి. పిన్‌బాల్ బాగుచేయించాలి.

తలుపుకి అంటించిన ఆ జాబితాలో చివరిదాని పక్కన మాత్రం టిక్కు పడలేదు. దానికోసమే మెకానిక్ పొద్దున తొమ్మిదింటి నుంచి ముందుగదిలో ఆ ఆట మిషనుతో కుస్తీ పడుతున్నాడు. గదిలో మిషను, ఒక కుర్చీ తప్ప ఏమీ మిగల్లేదు. అతను దగ్గితే గోడలు కూడా దగ్గుతున్నాయి.

కుర్చీలో కూర్చున్నావిడ లెక్కల టీచరుగా రిటైరయింది. మర్నాడు వ్యాను వస్తుంది. మిషను ఆస్పత్రిలో పిల్లల వార్డుకి వెళుతుంది, ఆవిడ చెల్లెలి ఇంట్లో ఒక గదికి వెళుతుంది.

మిషన్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. స్టార్ట్ బటన్ నొక్కితే మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. కంప్యూటర్లు రాకముందు నాటి మిషను అది, వాలుబల్ల మీద దొర్లే ఇనప బంతిని మీటలతో కొడుతూ స్కోరు పెంచుకునే ఆట. లోపలంతా తీగలు, స్విచ్చులు, ఒక చిన్న మోటారు. స్కోరు చూపించడానికి అంకెలు రాసిన చక్రాలు. కొత్త ఆట మొదలైతేనే మోటారు వాటిని సున్నాకి తిప్పుతుంది. అంతవరకూ, ప్లగ్గు పీకేసినా సరే, ఆఖరి స్కోరు అలాగే నిలబడి ఉంటుంది.

అద్దం వెనక 48,730 నిలబడి ఉంది.

అది తన భర్త ఆడిన ఆఖరి ఆటేనని ఆవిడే చెప్పింది. పదకొండేళ్ళ కిందటి మాట. ఆదివారం మధ్యాహ్నం ఆడి, ఎడమ చెయ్యి లాగుతోందంటూ వెళ్ళి పడుకున్నారు. మళ్ళీ లేవలేదు. బోర్డు మీద లెక్క రాయిస్తున్నట్టు తడబడకుండా చెప్పింది.

మెకానిక్ స్క్రూడ్రైవర్ తుడుచుకున్నాడు. తిన్నగా మోటారు దగ్గరికి వెళ్ళబోతుంటే ఆవిడ ఆపింది.

"ముందు ఫ్యూజు చూడవా బాబూ?"

"దీపాలు వెలుగుతున్నాయి కదమ్మా, ఫ్యూజు బాగానే ఉంటుంది."

"ఉంటుంది అంటే కుదరదు. మధ్యలో మెట్లు వదిలేస్తే నేను మార్కులివ్వను."

అతను నవ్వి ఫ్యూజులన్నీ ఒక్కొక్కటీ ఊడదీసి మీటరుతో చూశాడు. బాగున్నాయి. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ చూడమంది. చూశాడు. ప్లగ్గు చూడమంది, స్టార్ట్ బటన్ విప్పించింది. మధ్యలో రెండుసార్లు, పక్కింటివాళ్ళు పంపిన ఫ్లాస్కులోంచి టీ ఇచ్చింది. అతని భార్య గురించి, ఆమె నడుంనొప్పి గురించి అడిగింది. పాపం, మాట్లాడే మనిషి లేక నన్ను కూర్చోబెడుతోంది అనుకున్నాడు మెకానిక్. అనుకుని, తనూ తొందరపడలేదు. మా ఇంట్లో మిక్సీ కూడా ఇంత బెట్టు చెయ్యదమ్మా అని ఆవిణ్ణి నవ్వించాడు.

పన్నెండు దాటాక ఇక చూడాల్సింది మోటారు పక్కనున్న స్విచ్చుల వరసే. ఆవిడ కుర్చీలోంచి లేచింది.

అతను టార్చి పట్టుకుని ఒక్కో రేకుల జతనీ చూసుకుంటూ వచ్చాడు. ఐదో జత దగ్గర ఆగాడు. ఒకదాన్నొకటి తాకాల్సిన రెండు రేకుల మధ్య సన్నటి కాగితం ముక్క ఉంది. నాలుగు మడతలు వేసి జాగ్రత్తగా దూర్చారు. దుమ్ము పట్టి రేకుల రంగులో కలిసిపోయింది.

"దొరికిందమ్మా దొంగ. తీగలు, మోటారు అన్నీ లక్షణంగా ఉన్నాయి. ఈ కాగితం అడ్డుపడి కరెంటు దాటడం లేదు, అంతే."

ఆవిడ వంగి చూడలేదు.

పట్టకారు దగ్గరికి తీసుకెళ్ళాక అతనికి విషయం తట్టింది. చెయ్యి వెనక్కి తీశాడు.

"అమ్మా, ఇది తీసి బటన్ నొక్కితే ఆ స్కోరు పోతుంది. సారు జన్మలో కొట్టిన పెద్ద స్కోరై ఉంటుంది. ఎవరూ చెరపకుండా ఈ కాగితం పెట్టేసి వెళ్ళి పడుకున్నట్టున్నారు."



"ఆయన దేంట్లో వేలు పెట్టలేదు గనక," అంది ఆవిడ.

"పోనీ బాగుపడదని చెప్పెయ్యనా? వార్డువాళ్ళు ఏ క్యారమ్ బోర్డో కొనుక్కుంటారు. ఇది మీతోనే ఉంటుంది."

"చెల్లెలి ఇంట్లో నాకే మంచం అడ్డంగా వేశారు బాబూ. దీన్నెక్కడ పెట్టను? అయినా ఆడని ఆటని పిల్లలకెలా ఇస్తాం?"

"అయితే మీ చేత్తో తియ్యండి. సారు గుర్తుగా దాచుకుందురు గాని." పట్టకారు ఆవిడ వైపు చాచాడు.

ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నువ్వే తియ్యి. నా వల్ల కాదు."

కరెంటంటే భయం కాబోలనుకుని అతనే లాగేశాడు. బటన్ కూడా అతనే నొక్కాడు. మోటారు గుర్రుమని తిరిగింది. చక్రాలు టకటకమంటూ కదిలాయి. ముప్ఫై పోయింది, ఏడు వందలు పోయాయి, వేలు పోయాయి. ఆవిడ పెదాలు కదుపుతూ ప్రతి అంకెనీ చూసింది. అన్నీ సున్నాలయ్యాక ఒక బంతి వచ్చి కుడివైపు గాడిలో నిలబడింది.

"ఒక్క ఆట ఆడతారా అమ్మా?"

"నాకు రాదు. ఎప్పుడూ పక్కన నిలబడి స్కోరు చదివేదాన్ని."

బయటికి వచ్చేటప్పుడు అతను ఆ కాగితం ముక్కని ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆవిడ గుప్పిట మూసి, తలుపు వేసుకుంది.

ఇంటికెళ్ళి భార్యకి కథలు కథలుగా చెప్పాడు. ఆ సారెవరో గాని భలే గడుసు, పోయాక కూడా తన రికార్డు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదన్నాడు. ఆ టీచరమ్మ మాత్రం అమాయకురాలు, అంత చిన్న కాగితం సంగతి పదకొండేళ్ళుగా తెలుసుకోలేకపోయిందన్నాడు.

అతనికి తెలియదు. మీరైనా ఆవిణ్ణి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ కాగితం పెట్టింది ఆవిడే.