రెండు హారన్లు

"ఆ సీసా ఎన్నిసార్లు చూపించినాడో లెక్కెట్టినావా బావా? పదకొండు సార్లు! సినిమాకెళ్లినామో, కూల్‌డ్రింకు కొట్టుకెళ్లినామో తెలీలేదు!"

పైడయ్య గొంతుకి తెలుగు సంఘం రేకుల షెడ్డు దద్దరిల్లింది. వెనక బెంచీ మీద వరహాలమ్మ పళ్లు కొరుక్కుంది. అరిచేవాడు తోడబుట్టిన అన్న. మాట పడేవాడు తాళి కట్టిన తాతబాబు. ఇద్దరూ చెరో హీరో అభిమాన సంఘానికి అధ్యక్షులు. వేసవి సినిమా వచ్చిందంటే చాలు, ఈ ఇనుప గనుల కిరండూల్ ఎండ కంటే వీళ్ల వేడే ఎక్కువ. నిన్న అందరూ జీపు కట్టించుకుని జగదల్‌పూర్ పోయి తాతబాబు హీరో సినిమా చూసొచ్చారు. పొద్దున్నుంచీ ఇదే రచ్చ.

"సీసా సంగతి ఒప్పుకుంటాను. డబ్బిచ్చినోడి సరుకు చూపిస్తారు. నువ్వు గని సీను గురించి మాటాడు బావా" అన్నాడు తాతబాబు.

"దాని గురించే చెప్తన్నాను! మీవోడు ఆగున్న డంపరు లారీ కింద నీడన కునుకేస్తాడు. డ్రైవరొచ్చి హారనైనా కొట్టకండా తోలీస్తాడు. అంత బండీ మీంచి ఎళ్లిపోయాక మీవోడు లేచి, దులుపుకుని, సీసా మూత తీస్తాడు. మా చెవుల్లో పువ్వులున్నాయేటి?"

"మీంచి కాదు, చక్రాల నడుమ. అక్కడ జాగా ఉంటాది. బోర్లా పడుకుని తల ఎత్తకపోతే మనిషి బతుకుతాడు. ఇంజిను నూనె వీపు మీద కారతాది, చర్మం కాలతాది. అంతే."

"ఓహో! టైమాఫీసులో హాజరు రాసుకునే గుమస్తావి, ఫ్యాను కింద కూకుని ఎన్ని డంపర్లు చూసినావేటి?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. వరహాలమ్మకి ఒళ్లు మండిపోయింది. నవ్విన ప్రతి మొహాన్నీ గుర్తు పెట్టుకుంది. ఈ మనిషికి మాత్రం ఎదురు మాట పెగలదేం?

చివరికి పందెం దాకా వచ్చింది. సీను అబద్ధమని తేలితే తాతబాబు తన హీరో ఫ్లెక్సీని తన చేత్తోనే దింపి అధ్యక్ష పదవి వదిలెయ్యాలి. నిజమని తేలితే పైడయ్య అదే పని చెయ్యాలి. ఆ పదవిలో ఏముందంటారా? ఈ అడవిలో, ఈ ఎర్రదుమ్ములో, నలుగురు తాతబాబుకి లేచి నిలబడేది ఆ ఒక్క కుర్చీని చూసే. తీర్పు చెప్పడానికి చక్రధరరావుని కూచోబెట్టారు. ఆయన గనిలో భద్రతా అధికారిగా పాతికేళ్లు చేసి రిటైరయ్యాడు.

"జాగా సంగతి తాతబాబు చెప్పిందే రైటు. చక్రాల నడుమ మనిషి పడతాడు" అన్నాడు రావు.

తాతబాబు మనుషులు ఈలలేశారు.

"ఆగండి. మన రూలేమిటి? ఒక హారన్ కొడితే ఇంజిన్ స్టార్టు, రెండైతే ముందుకి, మూడైతే వెనక్కి. హారన్ లేకుండా బండి కదిపినవాణ్ణి నేను చూడలేదు. అలాంటివాడుంటే అదే పూట ఉద్యోగం ఊడేది. ఒక్క ఉదాహరణ చెప్పు తాతబాబూ, నువ్వు గెలిచినట్టే."

"ఎక్కణ్ణుంచి తెస్తాడు?" పైడయ్య రొమ్ము చరుచుకున్నాడు. "ముప్పయ్యేళ్లు డంపరు తోలినాను. రెండు హారన్లు కొట్టకండా అంగుళం కదిపితే ఒట్టు! వచ్చే నెల రిటైరయ్యే రోజున భద్రతా పతకం ఇస్తన్నారు, ఊరికేనేటి?"

తాతబాబు నోరు తెరిచాడు. బావ మొహంలోకి చూశాడు. మళ్లీ మూసుకున్నాడు.

"చెప్పలేను" అన్నాడు.

పాపం, నిచ్చెన వేసుకుని తనే ఎక్కాడు. నడుము పట్టుకుని, మెట్టుకోసారి ఆగుతూ ఫ్లెక్సీ తాళ్లు విప్పాడు. రెండేళ్ల కిందట మేలో టైమాఫీసు మెట్ల మీంచి జారిపడ్డ దగ్గర్నుంచీ ఆ నడుము సరిగా వంగదు.

"జాగర్త బావా! మళ్లీ జారిపడగలవు!" కిందనుంచి పైడయ్య అరిచాడు. మళ్లీ నవ్వులు.

వరహాలమ్మ అన్నతో మాట్లాడకుండా విసవిసా ఇంటికొచ్చేసింది. గిన్నెలన్నీ దబదబా ఎత్తి పడేసింది. తాతబాబు చొక్కా విప్పి పీట మీద కూర్చున్నాడు. రోజూలాగే ఆమె నూనె చేత్తో అద్దుకుని వీపు రాయబోయి ఆగిపోయింది. నడుం నుంచి మెడదాకా బొట్లు బొట్లుగా కాలిన మచ్చలు. పడినచోట వెల్డింగు చేస్తున్నారనీ, నిప్పురవ్వలు ఎగిరిపడ్డాయనీ ఆ రోజు చెప్పాడు. ఆమె నమ్మింది.

"మావా... ఇంజిను నూనె వీపు మీద కారతాదని నీకెలా తెలుసు?"

తాతబాబు పక్కనున్న చొక్కా అందుకోబోయాడు.

"నామీద ఒట్టు. చెప్పు."

"ఆ రోజు మెట్ల మీంచి పడలేదు. హాజరు పుస్తకం పట్టుకుని గని పైకెళ్లినాను" అన్నాడు తాతబాబు నేల చూస్తూ. "ఎక్కడా నీడ లేదు. ఆగున్న బండి కిందకి దూరి బోర్లా పడుకున్నాను, కునుకు పట్టింది. హారన్ కొట్టలేదు వరాలూ. ఒక్కటీ కొట్టలేదు."

ఆమెకి ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపం తన్నుకొచ్చింది.

"మరక్కడ నోట్లో ఏటెట్టుకున్నావు? చొక్కా విప్పి చూపిస్తే సరిపోను!"

"చూపిస్తే డ్రైవరెవడని అడుగుతారు. పేరు చెప్తే ఆ మనిషి ఉద్యోగం పోద్ది. కింద నానున్నానని ఆ మనిషికి ఈనాటికీ తెలీదు."

"అంతమందిలో నీ పరువు పోయినా పర్లేదు గాని, ఆ సచ్చినోడి ఉద్యోగం ఉండాలా? ఆడి చేతులు పడిపోనూ! ఆడి కొంపలో దీపం ఎలగకపోనూ! ఎవుడాడు? పేరు చెప్పు. మా అన్నియ్యతో నాకు వంద తగూలుంటాయి, అయినా ఇప్పుడే ఎళ్లి అన్నియ్య కాళ్లట్టుకుని తీసుకొచ్చి, ఆ డ్రైవరు నా కొడుకు తలుపులు బద్దలుకొట్టిస్తాను!"

తాతబాబు చొక్కా తీసి తొడుక్కున్నాడు. బొత్తాలన్నీ పెట్టుకున్నాక మెల్లిగా అన్నాడు.

"ఆ బండి తోలింది మీ అన్నియ్యే."