బోర్డు మీద లేని సున్నా

"ఇల్లంటే ఒక వ్యవస్థమ్మా! ఒకచోట లాగితే అంతా కదులుతుంది," అంటూ సంక్షేమాధికారి బోర్డు నిండా సున్నాలు చుట్టాడు. నడుమ తల్లి, చుట్టూ బడి, ఆస్పత్రి, ఇరుగుపొరుగు.

"బాగుందయ్యా. నా పాపనెప్పుడిస్తారు?"

"ఇంట్లో ఒంటరిగా వదిలేసి పనికెళ్లావనేగా మా పిల్లల హోంకి తెచ్చాం? తప్పు ఏ సున్నాలో ఉందో తేలనీ."

"మరి మీ ఆఫీసు సున్నా ఏదీ?"

"మేం బయటుండి చూసేవాళ్లం."

"చూసేవాళ్లు పిల్లని చంకనేసుకుపోతారా?"

అధికారి మళ్లీ సుద్దముక్క అందుకున్నాడు. ఓ మూల ఆఫీసుకీ సున్నా చుట్టి, పాపని అందులో రాశాడు. తల్లి నుంచి పాపకి గీత గీయబోతే ఆఫీసే అడ్డొచ్చింది. ఎటు నుంచి గీసినా అంతే.

పైవాళ్లు చూస్తే కొంప మునుగుతుందని ఆ సున్నాని అరచేత్తో తుడిచేశాడు.

తల్లి ఆ సుద్దపొడి చేతికేసి చూసింది.

"ఆఫీసు పోతే పోయిందయ్యా. లోపలున్న నా పాపేదీ?"