కొసరెయ్యని బండి

డ్రైవరు లేని పోషణ బండి తనంతట తానే వీధిలోకి వచ్చి ఆగింది. వేలిముద్ర వేస్తే చాలు, ఆ ఇంట్లో ఎవరి ఒంటికి ఏం తక్కువైందో చూసి, వాళ్ల సంపాదనకు తగ్గ ధరకే కూరలిస్తుంది. పేదింటికైతే దాదాపు ఉచితమే.

పైడమ్మ మనవరాలికి రక్తం తక్కువ. బండి అరకిలో తోటకూర తూచి సంచిలో వేసింది. పైడమ్మ సంచి తెరిచి పట్టుకుని అలాగే నిలబడింది.

"కొసరెయ్యి."

"మీకు కావలసింది సరిగ్గా ఇచ్చానమ్మా," అంది బండి.

"కొసరెయ్యనోడి కాడ నాను కొనను. నీ కూర నువ్వే ఉంచుకో!"

సంచి బండిలోనే కుమ్మరించి వెళ్లిపోయింది. వెనకున్న ఆడవాళ్లూ ఆమె వెంటే నడిచారు. వారమంతా బండి నిండుగా వచ్చి నిండుగానే వెళ్లింది. ఇలాగైతే దాన్ని వేరే వీధికి పంపేస్తామని వార్డు ఆఫీసు కబురు పెట్టింది.

మర్నాడు బండి పైడమ్మను పిలిచి, తోటకూర తూచి, కాసేపాగి, పైన ఇంకో గుప్పెడు వేసింది.

"ఇది కొసరమ్మా."

పైడమ్మ ముఖం వెలిగిపోయింది. ఇంటికెళ్లి అనుమానంతో పాత తక్కెడలో తూచింది. కొసరుతో కలిపి సరిగ్గా అరకిలో!

"ముందే తగ్గించి తూసీసిందే, దొంగ బండి!" అని పడీపడీ నవ్వింది.

"అయితే రేపట్నుంచి మానేద్దామేటి?" అంది పక్కింటి గౌరి.

"ఎందుకు మానీడం? ఇన్నాళ్లకి దానికి యాపారం వొచ్చింది!"